ఎడమ ఎనిమిది, కుడి తొమ్మిది

ముందే ఒప్పేసుకుంటే నాకూ మీకూ సుఖం: ఈ కథలో ఒక మనిషి బూట్లు కొనుక్కుంటాడు. అంతకుమించి పెద్దగా ఏమీ జరగదు. హత్యలు, ఆస్తి తగాదాలు, లేచిపోవడాలు కావాలనుకునేవాళ్లు ఇక్కడే బస్సు దిగిపోవచ్చు, ఏమీ అనుకోను. మిగిలినవాళ్లు కొంచెం లోపలికి జరిగి కూర్చోండి. పుంగనూరులో వాన పడుతోంది, వసారా చిన్నది.

ఆ వసారాలో ఈశ్వరప్ప పీట మీద కూర్చుని, రెండు పాదాలూ భార్య ఒళ్లోకి చాపాడు. రెడ్డెమ్మ కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఒక్కో వేలినీ విడదీసి సందుల్లోకి చూస్తోంది. బియ్యంలో రాళ్లేరేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడూ అలాగే ఉంది. ఎడమ పాదం అయింది. కుడి పాదం తీసుకుంది.

"కదలాకు."

"నేను కదల్లేదే."

"కదిలింది నీ కాలే. నీకు తెలీలేదు, అంతే."

అది నిజమే. షుగరు ముదిరాక ఈశ్వరప్పకు చీలమండల కింద నుంచి కబుర్లు రావడం మానేశాయి. పాదాలు కంటికి కనిపిస్తాయి, నేల మీద ఆనుతాయి, అతను ఎటు పొమ్మంటే అటు పోతాయి. ఎండకు కాలినా, ముల్లు దిగినా, నీళ్లలో నానినా మాత్రం పైకి చెప్పవు. బండి నడిపేటప్పుడు కుడికాలు బ్రేకు మీదే ఉందా అని అప్పుడప్పుడూ కిందికి తొంగి చూసుకుంటాడు. అందుకే రోజూ పొద్దున బండి తీసేముందు, సాయంత్రం బండి దిగాక ఈ తనిఖీ.

ఈశ్వరప్ప ఆవులకు చూడి సూదులు వేసే మనిషి. పాల కంపెనీ జీతం. పొడవాటి మెడ, పలచటి మనిషి, చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే. కుడిచేయి ఎండకు కాలి నల్లబడింది. ఎడమచేయి మాత్రం మోచేతి పైదాకా పాలిపోయి, పసిపిల్లాడి చర్మంలా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకోవడం వల్ల వచ్చిన తెలుపు అది. బండి వెనక సైకిల్ ట్యూబుతో కట్టిన నైట్రోజన్ క్యాను ఉంటుంది. మూత తీస్తే తెల్లగా పొగ చిమ్ముతుంది. అందులో గడ్డకట్టిన సన్నటి గొట్టాల్లో, ఇంకా పుట్టని దూడలు వరసగా నిద్రపోతుంటాయి. ఆవు ఎదకొచ్చిందని కబురందితే ఆ పూటో మరుపూటో వెళ్లి తీరాలి. వాన అని ఆగితే అది తప్పిపోతుంది, మళ్లీ మూడు వారాలు ఆగాలి. పేదింటికి ఆ మూడు వారాలు చిన్నవి కావు.

పోయినేడు ఇలాంటి కార్తీకమాసపు వానల్లోనే కుడికాలి చిటికెనవేలి పక్కన పుండు లేచింది. అతనికి తెలియలేదు. మేజోడు ఉతకబోయి నెత్తురు చూసి రెడ్డెమ్మ కేక పెట్టింది. మదనపల్లె ఆస్పత్రిలో పడుకోవాల్సి వచ్చింది. చివరి కట్టు విప్పుతూ కృపావతి సిస్టరు చెప్పిన మాట అతని చెవిలో ఇంకా ఉంది.

"ఈశ్వరప్పా, ఈసారికి వేలు మిగిలింది. మళ్లీ తడికాలుతో, బిగుతు చెప్పులతో పుండు తెచ్చుకున్నావంటే వేలు తీసేస్తారు. ఇంక బండి మాట మర్చిపో."

"బండి లేకుంటే ఏం జేయాల సిస్టర్?"

"ఆఫీసులో కూర్చో. పాలల్లో నీళ్లు కలిసినాయో లేదో సూసుకుంటా ఉండు."

వేలు పోతుందన్నదానికంటే ఆ కుర్చీ అతన్ని ఎక్కువ భయపెట్టింది.

అప్పటినుంచి పొడిగా ఉండే బూటు కోసం వెతుకులాట. మొదట పాదాలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టాడు. చెమట లోపలే నిలిచి, కాలు ఉడకబెట్టిన వేరుశనక్కాయలా తయారైంది. మదనపల్లెలో ఎరువుల కొట్టు నుంచి గమ్‌బూట్లు తెచ్చాడు. వాటిలో ఎడమది గేరు పెడలుకీ ఇంజనుకీ మధ్య ఇరుక్కుంది. పైగా రెయిన్‌కోటు మీద జారిన నీళ్లన్నీ పైనుంచి సరాసరి లోపలికే. సాయంత్రం వాటిని వంచితే బిందె వంచినట్టు పారాయి. రిటైరైన కానిస్టేబులు దగ్గర పాత బూట్లు కొన్నాడు. అవి బండి కంటే బరువు. పెద్ద షాపులో అద్దాల వెనక బండివాళ్ల బూట్లు ఉన్నాయి కానీ, వాటి ధర చీటీ తిప్పి చూసి మళ్లీ యథాతథంగా తిప్పి పెట్టి, సేల్స్‌మన్‌కు దండం పెట్టి వచ్చేశాడు.

"ఏం లేదు," అంది రెడ్డెమ్మ కుడి పాదం కింద పెట్టి. "సుప్రజ చెప్పింది గుర్తుండాది గదా? కుప్పం సంతలో వాణియంబాడి బూట్లు వస్తాండాయంట. ఫారిన్‌కి పోకుండా మిగిలినవి. ఎట్లా క్యాను నింపుకొనేకి పోతాండావు, బిడ్డను కూడా సూసినట్టుంటాది."

ఆమె లేచి లోపలికెళ్లి క్యాలెండరు వెనకనుంచి ఒక చీపురుపుల్ల తీసుకొచ్చింది. కాలానికి పసుపుపచ్చగా, నున్నగా అయిన పుల్ల. అది అతని కాలి కొలత. టౌనుకు ఎవరు పోతున్నా ఆ పుల్ల చేతికిచ్చి చెప్పులు తెప్పించడం ఆ ఇంట్లో పెళ్లయిన ఏటినుంచీ అలవాటు.

"కాళ్లే వస్తాండాయి గదే నాతోపాటు. పుల్ల యాల?"

"నీ కాళ్ల మాట యెవురు నమ్ముతారు?"

పుల్ల జేబులో పెట్టుకుని బండి తీస్తుండగా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సెల్‌ఫోను మోగింది. వంక అవతలి పల్లెనుంచి గంగులమ్మ. ఫోన్లో మాట్లాడినా అవతలి ఊరికి వినిపించేలా అరవడం ఆమె పద్ధతి.

"అప్పా, జెర్సీ తెల్లారినప్పటినుంచి అరస్తానే ఉండాది!"

"పొద్దున ఎదకొస్తే మాపటికి గదమ్మా సూది. మాపటికొస్తా."

"వంకలో నీళ్లొస్తాండాయి. పోయినతూరి ఇట్లే చెప్పి నువ్వు రానేలేదు. తప్పిపాయ. దానికి మేత నేనెక్కడినుంచి తెచ్చేది?"

పోయినసారి అతను వంకదాకా వచ్చాడు. నీళ్లు చూశాడు, తన కాళ్లు చూసుకున్నాడు, వెనక్కి తిరిగాడు. ఆ సంగతి గంగులమ్మకు చెప్పలేదు.

"వస్తాలేమ్మా," అన్నాడు.

కుప్పంలో కంపెనీ గోడౌన్ దగ్గర క్యాను నింపుకునేసరికి మధ్యాహ్నమైంది. స్టేషన్ రోడ్డు పక్కన సుప్రజ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఊళ్లోనే ఇంజనీరింగు రెండో ఏడు. తండ్రి మెడే ఆమెకూ వచ్చింది. క్యానును, తండ్రిని, తండ్రి కాళ్లకు చుట్టిన సంచుల్ని వరసగా చూసింది.

"ఏంది నాయనా, కాళ్లు పార్సిల్ చేసుకోనొచ్చినావు?"

"మీ అమ్మ ప్యాకింగు."

సంతలో టార్పాలిన్ కింద మునిస్వామి దుకాణం. దుకాణమంటే గోతపట్టా, దాని మీద కొండలా బూట్లు. వాణియంబాడి తోలు ఫ్యాక్టరీలు పక్కన పడేసిన సరుకును మూటగట్టుకుని ప్యాసింజరు రైల్లో తెస్తాడతను. అరవం, తెలుగు, కన్నడం మూడూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు, బేరం మాత్రం ఏ భాషలోనూ తగ్గడు.

"రాండి సార్, ఇదంతా జర్మనీ పోవాల్సిన సరుకు! ఒక్క కుట్టు వంకరపోయిందని దొర వద్దనేసినాడు. మన ఆవులకి కుట్టు వంకర తెలస్తాదా?"

ఈశ్వరప్ప గోనెసంచి మీద కూర్చుని మొదటి జత వేసుకున్నాడు.

"సుఖంగా ఉండాదా?" అడిగాడు మునిస్వామి.

"ఉండాది."

రెండో జత.

"ఇదెట్లుండాది?"

"ఇదీ బాగుండాది."

మూడో జత చూసి, "ఇది ఇంకా బ్రహ్మాండం," అన్నాడు ఈశ్వరప్ప. సుప్రజ వంగి బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కింది.

"నాయనా, ఇది నా సైజు. నీ వేళ్లు లోపల మడతపెట్టుకోని ఉండాయి."

"అవునా?" అన్నాడు ఈశ్వరప్ప ఆశ్చర్యంగా, ఇంకెవరి కాలి గురించో విన్నట్టు.

మునిస్వామి నవ్వబోయి, ఆ పిల్ల ముఖం చూసి మానుకున్నాడు. సుప్రజ గొడుగు మడిచి పక్కన పెట్టింది. సుఖంగా ఉందా అని ఆ కాళ్లను అడిగి లాభం లేదు; అవి అన్నిటికీ తల ఊపుతాయి. అడగాల్సింది చర్మాన్ని. వేసుకుని టీ అంగడిదాకా నడిచి రమ్మంది. రాగానే విప్పించి, మేజోడు తీసి, తల్లి చూసినట్టే వేళ్లు విడదీసి చూసింది. ఎడమకాలు బాగుంది. కుడికాలి చిటికెనవేలి దగ్గర, సరిగ్గా పాత పుండు మచ్చ పక్కన ఎర్రగా కందింది. ఇంకో జత. మళ్లీ టీ అంగడి, మళ్లీ అక్కడే ఎరుపు. సైజు పెంచితే కుడికి సరిపోయింది కానీ ఎడమకాలు లోపల చెంబులో గరిటెలా ఆడింది, మడమ ఒరుసుకుంది.

"ఎన్నిసార్లు తిరుగుతావు సార్," అన్నాడు టీ అంగడాయన. "ఒక టీ అన్నా తాగు."

"అమ్మ పుల్ల ఇచ్చిందా?" అడిగింది సుప్రజ.

ఎడమ పాదం కింద పెడితే పుల్ల గీసినట్టు సరిపోయింది. కుడి పాదం కింద పెట్టింది. పుల్ల వేలి చివరిదాకా రాకుండానే ఆగిపోయింది. ఆమె పుల్లను తిప్పి పెట్టి చూసింది. తండ్రి రెండు మడమలూ ఒక గీత మీద పెట్టించి చూసింది. కుడి పాదం ఒక వేలిమందం పొడవు, ఇంకొంచెం వెడల్పు, అరటాకు పరిచినట్టు.

"నాయనా, ఈ పుల్ల ఏ కాలికి కొల్సింది?"

ఈశ్వరప్ప తల గోక్కున్నాడు. "పెండ్లయిన కొత్త. పలమనేరు దావలో ఒక జెర్సీ నా కుడికాలు తొక్కింది. కట్టు కట్టుండ్రి. మీ అమ్మ నాకు కొత్త చెప్పులు తెప్పించాలని, నేను నిద్రపోతా ఉంటే కొల్సింది. కట్టు లేనిది ఎడమదే గదా."

"కట్టిప్పినాక మళ్లీ కొలవల్యా?"

"పుల్ల ఉండె గదమ్మా. మళ్లీ యాల?"

"మరి ఇన్నేండ్లు కుడికాలు నొప్పి పుట్టలేదా?"

"పుట్టేది," అన్నాడు ఈశ్వరప్ప మామూలుగా. "చెప్పులంటే కుడివైపు కరస్తాయి. అందరికీ అంతేలే అనుకున్నా. షుగరొచ్చినాక అదీ లేకుండా పాయ. పోనీలే, మంచిదే అయిందనుకున్నా."

సుప్రజ మడిచిన గొడుగు తీసి, వాన లేని ఆ టార్పాలిన్ కింద తెరిచి, కాసేపు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మునిస్వామి బూట్ల కొండ వెనక్కి వెళ్లి ఒక మూట విప్పాడు. అడుగునుంచి బూడిదరంగు దుమ్ము పట్టిన రెండు గోధుమరంగు బూట్లు లాగాడు. చీలమండకు జానెడు పైదాకా వస్తున్నాయి. ముందున్న నాలుక రెండు పక్కలా తోలుకు కలిపి కుట్టేసి ఉంది, లేసుల సందునుంచి చుక్క పోకుండా.

"ఇది అమ్మే సరుకు కాదు సార్. ఎడమది ఎనిమిది, కుడిది తొమ్మిది. ఫ్యాక్టరీలో యెవుడో నిద్రలో పెట్టెలో యేసినాడు. యెవురికీ పట్టదు. పారేసేకి మనసొప్పక మోస్తాండా."

ఈశ్వరప్ప వేసుకున్నాడు. టీ అంగడిదాకా వెళ్లి, ఈసారి అక్కడ టీ కూడా తాగి, వెనక్కి వచ్చాడు. సుప్రజ విప్పి చూసింది. ఎడమ చూసింది, కుడి చూసింది. మళ్లీ కుడి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు.

ఇంకా తృప్తి కాలేదు ఆ పిల్లకు. పాత దినపత్రిక చింపి రెండు బూట్లలోనూ కుక్కి, టీ అంగడాయన గ్లాసులు కడిగే టబ్బులో వాటిని లేసుల దాకా ముంచి పట్టుకుంది. ఆయన లబోదిబోమన్నాడు. చుట్టూ నలుగురు చేరారు. కాసేపటికి కాగితాలు బయటికి లాగింది. ఎడమది పొడిగా గలగలలాడింది. కుడిది మడమ దగ్గర రూపాయి బిళ్లంత తడిసింది.

"అది ఆ వంకర కుట్టు," అన్నాడు మునిస్వామి. "కొవ్వొత్తి మైనం, ఆముదం కలిపి కాంచి, వేడిమీద రుద్దు సార్. నా మాట తప్పితే కుప్పం స్టేషన్లో నా పేరు మార్చి పిలువు."

బండి మీద కూర్చోబెట్టి గేరు ఎక్కించి దించి చూశారు. ఎక్కడా ఇరుక్కోలేదు. ఇక బేరం.

"యెవురూ కొననిది నేను కొంటాండా. తగ్గించుకోవాలప్పా," అన్నాడు ఈశ్వరప్ప.

"యెవురికీ పట్టనిది మీకొక్కరికే పట్టింది. రేటు పెరగాల సార్!"

"మేము పోతే ఇంకెవురొస్తారన్నా?" అంది సుప్రజ. "ఒక కాలు ఎనిమిది, ఒక కాలు తొమ్మిది ఉండే మనిషి మళ్లీ వచ్చేదాకా ప్యాసింజర్లో మోస్తానే ఉండు."

మునిస్వామి ఆకాశం చూశాడు, మూట చూశాడు, ఒప్పుకున్నాడు. టబ్బులో నీళ్లు మళ్లీ పోసిచ్చింది కూడా అతనే.

అక్కడే టీ అంగడి పొయ్యి మీద మైనం, ఆముదం కాచి ఆ కుట్టంతా పట్టించారు. బండి స్టార్టు చేసేముందు సుప్రజ తండ్రి ప్యాంటు కాళ్లు బూట్ల మీదుగా కిందికి లాగింది, నీళ్లు జారినా లోపలికి పోకుండా.

"ఇంకెప్పుడూ ఊరికే 'ఉండాది, ఉండాది' అనాకు. విప్పి సూడు."

"సరే ఇంజనీరమ్మా."

దారంతా వాన. పలమనేరు దాటాక మట్టి నీళ్లు రోడ్డుకడ్డంగా పారుతున్నాయి. అలవాటు కొద్దీ కాళ్ల వైపు తొంగి చూసినప్పుడల్లా గోధుమరంగు ముక్కులు రెండూ పెడళ్ల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అతనికి అవి తెలియడం లేదు. తెలియకపోయినా చూడటానికి బాగున్నాయి.

వంక దగ్గర ఇంకా కాస్త వెలుతురుంది. నీళ్లు రాళ్ల మీద చీలమండల లోతున పరుగెడుతున్నాయి. అవతల గట్టు మీద గంగులమ్మ యూరియా సంచి నెత్తిన కప్పుకుని నిలబడి ఉంది. అతను రాడని సగం నమ్మకంతో, రావాలని సగం ఆశతో నిలబడినట్టు ఆ నిలబడటంలోనే తెలుస్తోంది. ఈశ్వరప్ప బండి ఆపి, క్యాను భుజానికెత్తుకున్నాడు. ఒక్క క్షణం నీళ్లు చూశాడు. బూట్లు చూసుకున్నాడు. దిగాడు.

"ఏందప్పా, కొత్తల్లుడి మాదిరి బూట్లేసుకోనొచ్చినావు!" గంగులమ్మ అరుపు వంక మొత్తం వినపడింది.

"అత్తగారింటికే గదమ్మా వచ్చింది. పొయ్యి మీద నీళ్లు పెట్టు, చేతులు కడుక్కోవాల."

కొట్టంలో జెర్సీ చెవులు కదుపుతూ అతన్ని వాసన చూసింది. తెల్ల చేతికి తొడుగు వేసుకున్నాడు. క్యాను మూత తీస్తే పొగ కొట్టమంతా పాకింది. పని అయ్యాక ఆవు వీపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. అది అతని సంతకం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆ తట్టుతో మొదలైన ఆవులు ఎన్నో, వాటి కూతుళ్లు ఎన్నో. దారిలో మేస్తున్న దూడను చూసి దాని అమ్మమ్మ పేరు చెప్పగలడు. అది గొప్ప అని అతనెప్పుడూ అనుకోలేదు, అడిగినవాళ్లూ లేరు.

ఇంటికొచ్చి పీట మీద కూర్చుని కాళ్లు చాపాడు. రెడ్డెమ్మ లేసులు విప్పింది. మేజోళ్లు లాగి చెంపకు ఆనించుకుని చూసింది.

"పొడిగుండాయే!"

"వంక దాటినా," అన్నాడు అతను, తొమ్మిదో తరగతి పాసైన పిల్లాడిలా.

తర్వాత పుల్ల సంగతి చెప్పాడు. రెడ్డెమ్మ చేతులు ఆగిపోయాయి. కుడి పాదం ఆమె రెండు అరచేతుల మధ్యా ఉంది.

"ఇన్నేండ్లు సెప్పల్యా?"

"నువ్వు నిద్రలో కొలిస్తివి. నిద్రలో ఉన్నోడు ఏం జెప్తాడు?"

ఆమె నవ్వలేదు. లేచి చీపురులోంచి కొత్త పుల్ల లాగి, కుడి పాదం కింద పెట్టి, వేలి చివర గోటితో తుంచింది. రెండు పుల్లలూ కలిపి క్యాలెండరు వెనక దోపింది. మళ్లీ వచ్చి కూర్చుంది. చూడాల్సిందంతా అయిపోయినా, ఆ పాదం మాత్రం చాలాసేపు ఒళ్లోంచి దించలేదు.

మరుసటేడు శ్రావణంలో గంగులమ్మ జెర్సీ పెయ్యదూడను ఈనింది. ఊరంతా దాన్ని బూట్లపెయ్య అన్నారు. మడమలు రెండుసార్లు మార్పించుకుని, ఆముదం, మైనం తాగుతూ ఆ బూట్లు వరసగా వానలన్నీ దాటాయి. మదనపల్లె ఆస్పత్రికి ఈశ్వరప్ప పరీక్షలకు వెళ్లడమే తప్ప, పడుకోవాల్సిన పని మళ్లీ రాలేదు. వెళ్లిన ప్రతిసారీ కృపావతి సిస్టరు అతని కాళ్లకంటే ముందు బూట్లనే పలకరించేది.

బూట్లపెయ్య కూడా తల్లయిన ఏడాది, ఎండాకాలంలో ఒకరోజు పల్లెలన్నీ తిరిగొచ్చి, మజ్జిగన్నం తిని, నులకమంచం మీద పడుకున్నాడు ఈశ్వరప్ప. సాయంత్రం రెడ్డెమ్మ తనిఖీకి వచ్చి కాలు పట్టుకుంటే చల్లగా ఉంది. కడసారి నీళ్లు పోసేటప్పుడు అందరూ ఏడుస్తుంటే ఆమె అలవాటుగా పాదాల దగ్గర కూర్చుని, కళ్లద్దాలు జార్చుకుని, ఒక్కో వేలూ విడదీసి చూసింది. పదీ ఉన్నాయి. పాత మచ్చ తప్ప ఒక్క గీత లేదు.

"బాగుండాయి," అంది, సుప్రజతో.

అతని పల్లెలన్నీ ఇప్పుడు పాల కంపెనీ పెట్టిన వెంకటముని తిరుగుతున్నాడు. కొత్తవాడైనా చెయ్యి మంచిది. బూట్లు కూడా అతనికే ఇద్దామనుకున్నారు. ఒకటి కరిచింది, ఒకటి ఊడింది. గంగులమ్మ కొడుకు వేసి చూశాడు, పక్కింటి రామచంద్ర వేసి చూశాడు. ఎవరికీ పట్టలేదు. చివరికి సుప్రజే జీతం డబ్బుల్తో వెంకటమునిని మునిస్వామి దగ్గరికి తీసుకెళ్లి, టీ అంగడిదాకా నాలుగుసార్లు నడిపించి, అతనికి వేరే జత కొనిచ్చింది. రెండు కాళ్లూ కొలిచాకే.

మీ ఇళ్లలోనూ ఇంకెవరికీ పట్టని జత ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరిదో, ఏ వానల్లో తిరిగొచ్చిందో చెప్పండి, వింటాను. పుంగనూరులో ఆ చిన్న వసారాలో మాత్రం, వానలు మొదలవగానే రెడ్డెమ్మ కొవ్వొత్తి మైనం, ఆముదం కాచి పట్టించే గోధుమరంగు బూట్లు గడప పక్కన ఉంటాయి: ఎడమదాంట్లో పాత పుల్ల, కుడిదాంట్లో దానికంటే ఒక వేలిమందం పొడవైనది.